పెరుగన్నం, పడిశం, కడుపులోని బిడ్డ

గత నెలలో మా పూర్వ విద్యార్థి ఒకరు మదరసాకు వచ్చారు. ఇప్పుడు వేరే ఊరి మస్జిదులో ఇమామత్ చేస్తున్నారు. చాలాసేపు అదీ ఇదీ మాట్లాడి, లేవబోతూ అసలు సంగతి చెప్పారు. ఆయన భార్యకు అయిదవ నెల. అన్నగారి పిల్లవానికి చిన్ననాటి నుండీ ఉబ్బసం. ఆయాసం ఎక్కువై మూడుమార్లు ఆసుపత్రిలో ఉంచవలసి వచ్చింది. అది చూసి భయపడిన తల్లిగారు ఈ కోడలికి పెరుగు, అరటిపండు, జామపండు, చేప, గ్రుడ్డు అన్నీ మాన్పించారు. మొదటి మూడూ చలువ చేసి బిడ్డకు పడిశం తెస్తాయట. చివరి రెండూ వేడి చేస్తాయట. "హజ్రత్, అమ్మీ మాట త్రోసివేయలేను. చారన్నంతో లేచిపోతున్న ఆమె ముఖమూ చూడలేను" అన్నారు.

ఆ తల్లిగారిని తప్పు పట్టడానికి మాకు నోరు రాలేదు. మనుమడు ఊపిరి అందక కొట్టుకొంటుంటే తెల్లవార్లూ ఒడిలో పెట్టుకొని కూర్చున్న మనిషి ఆమె. భయం నిజమైనదే, పత్యమే పొరపాటు.

తల్లి తిన్న పెరుగు పెరుగుగా బిడ్డను చేరదు. అది జీర్ణమై, దాని సారం రక్తంలో కలిసి, మావి ద్వారా బిడ్డకు అందుతుంది. చలువ, కఫం ఆ దారిన వెళ్ళవు. వెళ్ళేవి మాంసకృత్తులు, కొవ్వులు, విటమిన్లు, ఖనిజాలు. ఊపిరితిత్తులు తయారయ్యేది ఆ సామగ్రితోనే. గాలిగొట్టాల కొమ్మలు దాదాపు నాలుగవ నెల ముగిసేసరికే ఏర్పడతాయి. గాలి నిండే చిన్న తిత్తులు చివరి వారాలలో మొదలై, పుట్టిన తరువాత కూడా కొన్నేళ్ళు పెరుగుతూ ఉంటాయి. తక్కువ బరువుతో పుట్టిన పిల్లలలో ఊపిరి బలం తక్కువగా ఉండే అవకాశం ఎక్కువ.

మనకు దగ్గరి ఉదాహరణ ఒకటున్నది. నేపాల్‌లోని సర్లాహి జిల్లాలో విటమిన్ ఎ కొరత తీవ్రంగా ఉన్న పల్లెల స్త్రీలకు 1990ల మధ్యలో, గర్భానికి ముందూ, గర్భకాలంలోనూ, ఆ తరువాతా ఆ విటమిన్‌ను మితమైన మోతాదులో ఇచ్చారు. పిల్లలకు 9 నుండి 13 ఏళ్ళు వచ్చాక పరీక్షిస్తే, ఒక్క సెకనులో వదలగల గాలి, విటమిన్ అందని తల్లుల పిల్లలకంటే సగటున 46 మిల్లీలీటర్లు ఎక్కువగా ఉన్నది. (ఇది చదివి ఎవరూ దుకాణానికి వెళ్ళి విటమిన్ ఎ మాత్రలు కొనరాదు. అది మోతాదు మించితే గర్భస్థ శిశువుకు హాని. వైద్యులు వ్రాసినదే మందు.)

ఇక చేప. డెన్మార్క్‌లో 736 మంది గర్భిణులపై జరిపిన పరిశీలన 2016లో వెలువడింది. 24వ వారం నుండి చేపనూనె తీసుకొన్న తల్లుల పిల్లలలో ఉబ్బసం లేదా విడవని పిల్లికూతలు 16.9 శాతం మందికి రాగా, ఆలివ్ నూనె తీసుకొన్న వారి పిల్లలలో 23.7 శాతం మందికి వచ్చాయి. రక్తంలో ఆ చేపకొవ్వులు ముందే బాగా తక్కువగా ఉన్న తల్లుల విషయంలో తేడా మరీ ఎక్కువ: 17.5, 34.1. అది మందుగా ఇచ్చిన చేపనూనె. కూరలోని చేపకు అంతే ఫలితమని మేము చెప్పము. కాని ఆ కొవ్వులు ఉన్నది కానాగంతలు, కవ్వళ్ళ వంటి చవక చేపలలోనే. సొర వంటి పెద్ద చేపలలో పాదరసం ఉంటుంది గనుక వాటిని మానవలెను.

ప్రతిదీ ఇలా ఫలించలేదు. విటమిన్ డి ఎక్కువగా ఇచ్చి చూసిన అమెరికా వైద్యులకు మూడవ ఏట కొంత ఆశ కనిపించినా, ఆరవ ఏటికి తేడా మిగలలేదు. పత్యాల విషయంలో వైద్యులు సైతం వెనక్కు తగ్గారు. అలర్జీలున్న కుటుంబాల గర్భిణులు వేరుసెనగ మానడం గురించి ఆలోచించవచ్చని 2000లో చెప్పిన అమెరికా శిశువైద్యుల సంఘం, తగిన సాక్ష్యం లేదని 2008లో ఆ సలహాను వదులుకొంది. తల్లికే ఏదైనా పడకపోతే అది వేరు సంగతి.

తనకు గాని బిడ్డకు గాని హాని భయమున్న గర్భిణి రమజాన్ ఉపవాసాన్నే వాయిదా వేసి తరువాత ఖజా చేసుకోవచ్చని షరీఅత్ సడలింపు ఇచ్చింది. విధిగా ఉన్న రోజా వాయిదా పడగా, అత్తగారి పత్యం పడదా?

ఇది వ్రాస్తుంటే మా ఇల్లే గుర్తుకు వస్తున్నది. మా మొదటి సంతానం కడుపున ఉన్న రోజులలో, దస్తర్‌ఖాన్ నుండి అతిథులూ మేమూ లేచిన తరువాతనే మా ఇంటివారు కూర్చొనేవారు. గిన్నెలో ఏమి మిగిలిందో ఒక్కనాడూ తొంగిచూడలేదు. తరగతిలో నఫఖా అధ్యాయం మాత్రం ఏటేటా బోధిస్తూనే వచ్చాము.

శిష్యుణ్ణి మరొకటి అడిగాము: "మీ అన్నగారు ఇంట్లో సిగరెట్ త్రాగుతారా?" ఆయన తల దించుకొన్నారు. తల్లికీ బిడ్డకూ పొగ చేసే చేటును పెరుగు మానడం తీర్చదని, ముందు ఆ పొగను గడప దాటించమని చెప్పి పంపాము.

మొన్న ఫోను వచ్చింది. వైద్యురాలి వద్దకు అత్తాకోడళ్ళు ఇద్దరూ వెళ్ళి వచ్చారట. పగలు పెరుగుకు అనుమతి లభించింది, రాత్రికి ఇంకా లేదు. గ్రుడ్డు రోజుకొకటి. చేపను అమ్మీ స్వయంగా వండుతున్నారట, కాని అన్నగారు మాత్రం ఇంకా వరండాలోనే త్రాగుతున్నారట.