నవసాగరం తెచ్చిన తంటా

మా పక్కింటి అబ్బాయి పదో తరగతి. మొన్న పరీక్ష కాగితం పట్టుకొచ్చి, "బాబాయిగారూ, పుస్తకంలో వున్నదే రాశాను. అయినా మార్కు కొట్టేశారు!" అన్నాడు. లోహమూ అలోహమూ కలిస్తే అయానిక పదార్థం, రెండూ అలోహాలైతే సమయోజనీయం. యిదీ వాడు బట్టీపట్టిన సూత్రం. దాని ప్రకారం, కళాయి పూసేవాడు గిన్నెకు పట్టించే నవసాగరాన్ని సమయోజనీయం అనేశాడు.

కాదు మరి. అందులో లోహం లేనిమాట నిజమే. కాని ఒక నత్రజని, నాలుగు ఉదజని పరమాణువులు జట్టుకట్టి ధనావేశం మోస్తున్నాయి. క్లోరిన్ ఋణావేశం మోస్తోంది. ఆ రెంటి ఆకర్షణవల్లనే అది గడ్డగా నిలుస్తున్నది. జట్టులోపల మాత్రం సమయోజనీయ బంధాలే. ఒకే యింట్లో రెండు కాపురాలన్నమాట!

సూత్రం తప్పినచోట తేడా తెలిసేదెట్లా? వంటయింట్లోకి రండి. ఉప్పులో సోడియం తన ఎలక్ట్రానును క్లోరినుకు యిచ్చేసింది. పంచదారలో యిచ్చేయడం లేదు, ఉమ్మడిగా వాడుకోవడమే. మూకుట్లో పంచదార వేడిచేస్తే కరిగి, ఎర్రబడి, మాడుతుంది. ఉప్పు చిటపటలాడుతుందేగాని కరగదు. అది కరగడానికి 801 డిగ్రీల సెంటీగ్రేడు కావాలి.

నీళ్ళలో కరగడాన్ని మాత్రం నమ్మకండి. పంచదార కరుగుతుంది. అయానిక పదార్థమైన పాలరాయి కరగదు. కరిగిన నీళ్ళలోంచి కరెంటు పోతుందా అన్నది మేలైన పరీక్ష. 9 వోల్టుల బ్యాటరీ, రెసిస్టరు తగిలించిన చిన్న ఎల్‌ఇడి దీపం, రెండు పెన్సిలు ములుకులు, డిస్టిల్డ్ వాటరు వుంటే చాలు. ఉప్పు నీళ్ళలో దీపం వెలుగుతుంది, పంచదార నీళ్ళలో వెలగదు. క్షణం చూసి తీసేయండి, ఎక్కువసేపు వుంచితే క్లోరిన్ వాయువు పుడుతుంది. తల్లులకు ఒక్క మాట: గోడ ప్లగ్గు కరెంటుతో యీ పని ఎవరినీ చేయనివ్వకండి, ప్రాణం పోతుంది.

నవసాగరానికి యింట్లో పరీక్ష అక్కరలేదు. 1866లో ఫ్రాన్సు దేశపు లెక్లాంషే చేసిన విద్యుత్ ఘటంలో కరెంటును మోసింది నవసాగరం నీళ్ళే!

యీ పరీక్షనూ బోల్తా కొట్టించేది ఒకటుంది. హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు సమయోజనీయం. నీళ్ళలో కలిసిందో, అయాన్లుగా విడిపోయి కరెంటును పోనిస్తుంది. అందుకే ప్రయోగశాలలో నీళ్ళ ప్రమేయం లేకుండా, పదార్థాన్నే కరిగించి చూస్తారు. గడ్డ ఉప్పులో కరెంటు పోదు, కరిగిన ఉప్పులో పోతుంది. హైడ్రోజన్ క్లోరైడును చల్లార్చి ద్రవంగా మార్చినా, దాంట్లోంచి కరెంటు పోనే పోదు.