కంచం ముందు నుంచి లేపకండి

నా ఇన్‌స్టాలో అన్నిటికంటే ఎక్కువ లైకులు తెచ్చిన ఫోటో ఒకటుంది. పులికాట్ సరస్సు, పొద్దుటి ఎండ, ఒక్కసారిగా గాల్లోకి లేచిన ఫ్లెమింగోల గుంపు. రెక్కల్లో ఎరుపు, అంచుల్లో నలుపు. కింద కామెంట్లు చూడాలి. 'వావ్', 'వాల్‌పేపర్ పెట్టేసుకున్నా బ్రో', 'భలే టైమింగ్ అన్నా!'

టైమింగూ లేదు, ఏమీ లేదు. అవి వాటంతటవి లేవలేదు. నేను లేపాను.

మూడేళ్ల కిందటి జనవరి అది. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు చూశారా? సరస్సును చీల్చుకుంటూ పోతుంది. చలికాలంలో వెళితే బస్సు కిటికీలోంచే ఫ్లెమింగోలు కనిపిస్తాయి. నా చేతిలో ఒక్కరోజుకి అద్దెకు తెచ్చిన పెద్ద లెన్సు. సాయంత్రానికి తిరిగిచ్చెయ్యాలి. పక్షులేమో గంటసేపు నీళ్లలోంచి తలలు పైకి తియ్యవే! ఎన్ని క్లిక్కులు కొట్టినా తల లేని పక్షులే పడుతున్నాయి.

ఇంకో చిక్కు కూడా ఉంది. మన దగ్గరకొచ్చే పెద్ద ఫ్లెమింగో నిలబడి ఉన్నప్పుడు దూరం నుంచి దాదాపు తెల్లగానే కనిపిస్తుంది. ఆ ఎరుపూ నలుపూ రెక్క విప్పితేగానీ బయటపడవు. రెక్క విప్పాలంటే ఎగరాలి. ఎగరాలంటే...

చెప్పులు చేత్తో పట్టుకుని బురదలోకి దిగాను. ఇరవై అడుగులు నడిచి గట్టిగా చప్పట్లు కొట్టాను. లేచాయి. ఫోటో వచ్చింది.

గట్టెక్కుతుంటే వల భుజాన వేసుకుని ఓ తాత ఎదురొచ్చాడు. 'తింటా ఉండేవాటిని లేపితివేంది అబ్బయా?' అన్నాడు. కోపం కూడా లేదు ఆ గొంతులో. అనేసి తన దారిన తను పోయాడు.

తిట్టి ఉంటే మర్చిపోయేవాణ్ణేమో. ఆ మాట మా అమ్మమ్మ మాటలా తగిలింది. అన్నం ముందు కూర్చున్నవాణ్ణి లేపకూడదని మన ఇళ్లలో ఎంత పట్టింపు! అప్పు వసూలుకొచ్చినవాడు కూడా 'ముందు తిననివ్వండి, తర్వాత మాట్లాడదాం' అని అరుగు మీద కూర్చుంటాడు. నేను ఒక గుంపు మొత్తాన్ని కంచాల ముందు నుంచి లేపేశాను. లైకుల కోసం.

ఆ తర్వాతే అసలు అవి ఏం తింటున్నాయో, ఎలా తింటున్నాయో చదవడం మొదలుపెట్టాను. ఫ్లెమింగో తల వంచితే ముక్కు తలకిందులవుతుంది. నాలుక పిచికారీలా ఆడుతూ నీళ్లను లోపలికి లాగి బయటికి తోస్తుంది. ముక్కు అంచుల్లో దువ్వెన పళ్లలాంటి జల్లెడ ఉంటుంది. సన్నటి రొయ్యజాతి పురుగులు, లార్వాలు, నాచు లోపల ఆగిపోతాయి, నీళ్లు బయటికి పోతాయి. ఆ గులాబీ రంగు కూడా ఈ తిండిలోంచి వచ్చిందే. తిండి తగ్గితే రంగు వెలిసిపోతుంది. అంటే మనం ఏ రంగు కోసం దాన్ని లేపుతున్నామో, అది దాని కంచంలోంచి వచ్చిన రంగే!

కాళ్లు కూడా ఖాళీగా ఉండవు. ఉన్నచోటే తొక్కుతూ, గుండ్రంగా తిరుగుతూ అడుగున ఉన్న బురదను రేపుతాయి. చిలీ జాతి ఫ్లెమింగోల మీద అమెరికాలో చేసిన పరిశోధన ఒకటి 2025లో వచ్చింది. అవి కాళ్లతోనూ, ముక్కుతోనూ, తలను విసురుగా పైకి లాగడంతోనూ నీళ్లలో చిన్న చిన్న సుడులు పుట్టించి, తప్పించుకునే జీవుల్ని అందులోకి లాగుతాయని తేలింది. నేను 'తల లేని పక్షి' అని డిలీట్ చేసిన ఫోటోల్లో జరుగుతున్నది ఇదీ!

మరి ఎగిరితే ఏం పోతుంది? ఫ్లెమింగో పిచ్చుకలా తుర్రుమని లేవలేదు. రెక్కలు కొట్టుకుంటూ నీళ్ల మీద కొన్ని అడుగులు పరిగెత్తితేగానీ గాల్లోకి రాదు. ఒక్కో రవ్వ ఏరుకుని తిన్నదంతా ఆ పరుగులో ఖర్చు పెట్టాలి. దిగాక మళ్లీ సరైన లోతు, సరైన బురద వెతుక్కోవాలి. 'ఒక్కసారే కదా' అనుకున్నాను నేను. కానీ నా వెనక ఇంకో కారు ఆగింది. దాని వెనక ఇంకోటి. ఆదివారం పొద్దున్న ఆ రోడ్డు మీద అందరూ ఒక్కసారే చప్పట్లు కొడతారు.

అక్కడికి దగ్గర్లోనే నేలపట్టు ఉంది. చలికాలంలో గూడబాతులు చెట్ల మీద పిల్లల్ని పెంచుతుంటాయి. వాటి తిండి కోసం తల్లిదండ్రులు పులికాట్ దాకా వచ్చి వేటాడతాయి. పిల్ల తన ముక్కును పెద్దదాని గొంతుసంచిలోకి దూర్చి తింటుంది. సరస్సులో మనం ఒక గూడబాతును లేపితే, అక్కడ గూట్లో ఇంకో కంచం ఆలస్యమవుతుంది. మన ఫ్రేములో ఆ పిల్ల కనిపించదు, అంతే తేడా.

చట్టం సంగతి తెలిశాక ఇంకా సిగ్గేసింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 'వేట' అంటే ఏమిటో చెప్పేచోట చంపడం, పట్టుకోవడంతో పాటు తరమడాన్నీ, ఎర వేయడాన్నీ కలిపింది. కెమెరాయే కదా అనుకుంటాం. చప్పట్లు మాత్రం ఆ లెక్కలోకి రావచ్చు.

మరుసటి జనవరి మళ్లీ వెళ్లాను. ఈసారి కారు దిగలేదు. తెల్లారకముందే రోడ్డు వారగా పెట్టి ఇంజిన్ ఆపేశాను. కిటికీ అంచు మీద కిలో బియ్యం సంచి, దాని మీద లెన్సు. ట్రైపాడ్ కంటే హాయి. మనిషి నడిచొస్తే బెదిరే పక్షులు, ఆగి ఉన్న కారును అంతగా పట్టించుకోవు. సూర్యుడు నా వీపు వెనక ఉండేలా చూసుకున్నాను. షటర్ 1/1600 దగ్గర పెట్టి, బర్స్ట్‌లో ఉంచాను. తల నీళ్లలో ఉన్నంతసేపూ మెడ మీద ఫోకస్. ఎందుకంటే తల ఎప్పుడొచ్చినా ఆ మెడ చివరే కదా వచ్చేది!

ఒక గుర్తు నేర్చుకున్నాను, మీరూ నేర్చుకోండి. తింటున్న గుంపులో ఒకదాని తర్వాత ఒకటి మెడలు నిటారుగా లేపి, మీకు దూరంగా ఒకే వైపు నడవడం మొదలుపెడితే, మీరు దగ్గరికొచ్చేశారని అర్థం. చాలామంది అప్పుడే 'హమ్మయ్య, తలలు లేపాయి' అని క్లిక్ కొడతారు. అది వెనక్కి తగ్గాల్సిన క్షణం. మళ్లీ తలలు దించాయంటే మిమ్మల్ని ఒప్పుకున్నట్టే.

'మాకు అంత లెన్సు ఎక్కడిది అన్నా?' అంటారా? ఫోన్ చాలు. నాట్ల ముందు మడిలో దమ్ము చేసే ట్రాక్టర్ వెనకాల వెళ్లి చూడండి. చక్రాల కింద నుంచి లేచే పురుగుల కోసం, కప్పల కోసం తెల్లకొంగలు డ్రైవర్ పక్కనే నడుస్తుంటాయి. గట్టు మీద కూర్చుని స్లోమోషన్ పెట్టండి. లేదా ఊరి చెరువు గట్టున గుడ్డికొంగను చూడండి. బురద రంగులో కదలకుండా పావుగంట ఉంటుంది. తర్వాత మెడ ఒక్కటే బాణంలా వెళుతుంది. మీ ఓపికకు అంతకంటే మంచి పరీక్ష లేదు. బైనాక్యులర్ ఉంటే దాని కంటికి ఫోన్ కెమెరా ఆనించండి, అదే మీ పెద్ద లెన్సు.

బ్రెడ్డు ముక్కలు, మిక్స్చర్ మాత్రం వెయ్యొద్దు. ఘాట్‌రోడ్ల మీద చిప్స్ ప్యాకెట్ల కోసం కోతులు చక్రాల ముందుకు ఎలా వస్తున్నాయో మనం చూస్తూనే ఉన్నాం. మనం వేసిన తిండికి వచ్చిన జంతువు ఫోటోలో బాగానే పడుతుంది. మనం వెళ్లాక అది ఆ రోడ్డు మీదే ఉంటుంది.

ఆ రెండోసారి నాలుగు గంటలు కూర్చుంటే ఒక్క మంచి ఫోటో దొరికింది. ఒకే ఒక్క ఫ్లెమింగో. తల సగం పైకొచ్చింది, ముక్కు చివర నీటిచుక్క, కాళ్ల చుట్టూ కలకబారిన బురద. పోస్ట్ చేస్తే లైకులు నలభై కూడా దాటలేదు. ఒకమ్మాయి మాత్రం 'ఇదేం చేస్తోంది?' అని అడిగింది. 'టిఫిన్' అని జవాబిచ్చాను. తను ఇంకో ఆరు ప్రశ్నలు వేసింది. పాత ఫోటో కింద ఒక్కరూ ఒక్క ప్రశ్న అడగలేదు.

పాత ఫోటోను తీసేయలేదు. క్యాప్షన్ మార్చాను. 'వీటిని తినేటప్పుడు నేనే లేపాను. మీరు లేపకండి' అని రాశాను. దానికి ఇప్పటికీ లైకులు వస్తూనే ఉన్నాయి. క్యాప్షన్ ఎవరు చదువుతారు లెండి!

ఆ తాత మళ్లీ కనబడలేదు. ఆ రోడ్డు మీదికి వెళ్లినప్పుడల్లా వల భుజాన వేసుకున్న ప్రతి మనిషినీ చూస్తాను. కనబడితే చూపిద్దామని ఆ రెండో ఫోటో ఫోన్‌లోనే ఉంచుకున్నాను.