కథ తెలిసీ చూస్తాం

అమెరికాలో టెలివిజన్ కోసం తీసిన కౌబాయ్ చిత్రాన్ని కాసేపు చూస్తే చాలు, మిగతా కథ ఎవరైనా చెప్పేస్తారు. ఎక్కడి నుంచో ఒంటరి రౌతు వస్తాడు. దిక్కులేని వితంతువో, మంద కోల్పోయిన ఆసామో ఎదురవుతారు. ఊరిని గుప్పిట పట్టిన పెద్దమనిషి ఒకడుంటాడు. చివర తుపాకులు పేలతాయి. ఇందులో కొత్తేముందని విమర్శకులు పెదవి విరుస్తారు. ఆ చిత్రాల బలం ఆ తెలిసినతనంలోనే ఉందని మా నమ్మకం.

పద్యనాటకం చూడ్డానికి వెళ్లినవాడికి రాయబారం ఫలించదని ముందే తెలుసు. ఈ రాత్రి ఈ కృష్ణుడు ఆ పద్యాన్ని ఎలా ఎత్తుకుంటాడో వినడానికే తెల్లవార్లూ కూర్చుంటాడు. ఏమవుతుందోనన్న ఆదుర్దా లేనప్పుడు మనసు మనుషుల నడత మీద నిలుస్తుంది. ఈ చిత్రాలు ఇచ్చేదీ ఆ తీరికే.

1991లో టీఎన్‌టీ చానల్ ప్రసారం చేసిన 'కానగర్' చూడండి. లూయీ లామూర్ నవల దానికి ఆధారం. కొత్త నేల మీద గుడిసె వేసుకున్న కుటుంబంలో మగవాడు పశువులు కొనుక్కొస్తానని బయల్దేరి, దారిలో గుర్రం మీద పడి చనిపోతాడు. ఆ సంగతి మనకు తెలుసు, భార్య ఈవీకి తెలియదు. సవతి బిడ్డలిద్దరినీ పెట్టుకుని ఆమె ఎదురుచూస్తుంది. గుర్రపు బండ్ల ప్రయాణికులకు వండిపెట్టి రోజులు నెట్టుకొస్తుంది. మాట్లాడే తోడు లేక, మనసులోని మాటల్ని చీటీల మీద రాసి, గాలికి దొర్లిపోయే ఎండు పొదలకు కట్టి వదులుతుంది. ఎక్కడో పశువులు కాస్తున్న కానగర్‌కు ఆ చీటీలు దొరుకుతుంటాయి. వాళ్లిద్దరూ ఒకటవుతారని మనం ఎప్పుడో గ్రహిస్తాం. కాని అతను దొంగలకు లొంగకుండా యజమాని మందను కాపాడే తీరు, జీతానికి తగ్గ పని చేయడమే గౌరవమనుకునే అతని మొండితనం కళ్లు తిప్పనివ్వవు. ఆ పాత్రలు వేసిన శామ్ ఎలియట్, కేథరిన్ రాస్ నిజజీవితంలోనూ భార్యాభర్తలు. స్క్రిప్టు రచనలోనూ ఇద్దరికీ చేయి ఉంది. అందుకే కాబోలు, మాటలు తక్కువైన చోట కూడా వాళ్ల మధ్య ఏదో నడుస్తూనే ఉంటుంది.

ఈ కథలు వెండితెర వదిలి ఇంటి తెరకు చేరడానికి కారణం ఉంది. 1980లో 'హెవెన్స్ గేట్' ఘోరంగా నష్టపోయాక పెద్ద స్టూడియోలు గుర్రాల సినిమా అంటేనే జంకాయి. టెలివిజన్‌కు ఈ నేల పాతదే; 'గన్‌స్మోక్' ధారావాహిక 1955 నుంచి 1975 దాకా ఇరవై ఏళ్లు నడిచింది. ఆ ప్రేక్షకులు ఇంకా ఉన్నారని 1989 ఫిబ్రవరిలో సీబీఎస్ నాలుగు రాత్రులు చూపిన 'లోన్‌సమ్ డవ్' రుజువు చేసింది. రచయిత ల్యారీ మెక్‌మర్ట్రీ దీన్ని మొదట సినిమాగానే తలపెట్టాడు. జాన్ వేన్ ఒప్పుకోకపోవడంతో అది ఆగి, 1985లో నవలగా వచ్చి, మరుసటి ఏడు పులిట్జర్ బహుమతి అందుకుంది. టెక్సస్ నుంచి మోంటానాకు మందను తోలుకెళ్లిన గస్, కాల్ అనే ఇద్దరు మిత్రుల కథ అది. గస్ చనిపోతూ తనను టెక్సస్‌లో పాతిపెట్టమంటాడు. అర్థం లేని కోరికని తెలిసీ కాల్ ఆ శవాన్ని బండి మీద వేసుకుని దేశం పొడుగునా తిరిగొస్తాడు. ఇచ్చిన మాట కోసం పడ్డ ఆ కష్టం కల్పన అనిపిస్తుంది గాని, దాని వెనక చరిత్ర ఉంది. 1867లో న్యూ మెక్సికోలో చనిపోయిన ఆలివర్ లవింగ్ శవాన్ని అతని భాగస్వామి చార్లెస్ గుడ్‌నైట్ టెక్సస్‌కు చేర్పించాడు.

2003 నాటి 'మాంటీ వాల్ష్'లో టామ్ సెలెక్ పాత్ర పోరాడేది ప్రధానంగా దుండగులతో కాదు, పని లేకపోవడంతో. తూర్పు తీరపు కంపెనీలు పశుక్షేత్రాల్ని కొనేస్తుంటే గుర్రమెక్కడం తప్ప మరో విద్య రాని మనుషులు ఒక్కొక్కరే చెల్లాచెదురవుతారు. చేతివృత్తి కూలిన ఏ ఊరివాడైనా ఆ దుఃఖాన్ని గుర్తుపడతాడు.

మన 'మోసగాళ్లకు మోసగాడు' (1971), 'కొదమసింహం', 'టక్కరి దొంగ' టోపీనీ తుపాకీనీ నిధి వేటనూ తెచ్చుకున్నాయి. అవి ఎక్కువగా ఇటలీ వాళ్లు తీసిన కౌబాయ్ సినిమాల దారిలో వచ్చాయి. మంద తోలడం, కంచె వేయడం, మంచులో దూడను బతికించడం వంటి రోజువారీ చాకిరీ మన తెర మీదికి రాలేదు. వచ్చుంటే బాగుండేది.

తెలిసినతనం పేరుతో జరిగే మోసమూ లేకపోలేదు. తుడిచిన గాజులా మెరిసే పల్లె, మురికంటని దుస్తులు, మూడు ప్రార్థనలతో తీరిపోయే కష్టాలు కూడా ఈ పేరుతోనే అమ్ముడవుతాయి. అంతకన్నా పెద్ద తప్పు మరొకటుంది. ఆ నేల అసలు ఎవరిదో ఆ మూలవాసుల్ని ఈ చిత్రాలు చాలావరకు శత్రువులుగానో, కొండ అంచున కదిలే నీడలుగానో చూపి ఊరుకున్నాయి. ఈ చట్రంలో ఎవరినైనా అలా నీడలుగా ఉంచడం తప్పనిసరి కాదని 2006లో వాల్టర్ హిల్ తీసిన 'బ్రోకెన్ ట్రెయిల్' తేల్చింది. గుర్రాల మందను తోలుకెళుతున్న ముసలి రౌతు, అతని మేనల్లుడు, గనుల పట్నంలో అమ్మకానికి తెచ్చిన చైనా అమ్మాయిల్ని దారిలో కాపాడతారు. కథా మార్గం పాతదే, అందులో నడిచేవాళ్లు మారారు.

'లోన్‌సమ్ డవ్'లో డానీ గ్లోవర్ వేసిన డీట్స్ అనే నల్లజాతి కౌబాయ్ పాత్రకు మూలం బోస్ ఐకార్డ్. బానిసగా పుట్టి, స్వేచ్ఛ వచ్చాక గుడ్‌నైట్ వెంట మందలు తోలి, 1929లో మరణించాడు. అతని సమాధి మీద గుడ్‌నైట్ స్వయంగా శిలాఫలకం పెట్టించాడు. అంతటి జీవితం ఆ నాలుగు రాత్రుల్లో పక్క పాత్రగానే మిగిలింది. ఐకార్డ్‌ను కథానాయకుడిగా నిలిపి, అదే తీరికతో, అదే మందల దారిలో నాలుగు రాత్రుల కథ తీస్తే చూడాలని మాకు గట్టిగా ఉంది.