పేరు మాల్టు, రుచి మద్యానిది

అమెరికాలో 1920 నుండి 1933 వరకు మద్యనిషేధం అమలులో ఉండేది. 0.5 శాతం ఆల్కహాలున్న పానీయం సైతం మత్తుపానీయమేనని చట్టం నిర్ణయించింది. బీరు కర్మాగారాలు మూతపడకుండా ఉపాయం వెదికాయి. బీరు కాచి, అందులోని ఆల్కహాలును దాదాపు తొలగించి అమ్మాయి. మాల్టు పాకాన్ని వంటకోసమని విక్రయించగా, కొన్నవారెందరో ఇంటనే బీరు కాచుకున్నారు.

ఇందులో దోషం మాల్టుది కాదు. అది మొలకెత్తించి ఎండబెట్టిన యవధాన్యమే. పాత రుచి, పాత వాసన కోరికను మేల్కొల్పడమే ప్రమాదం. ఆల్కహాలు లేని బీరు నేడు మన అంగళ్లలోనూ లభిస్తున్నది. మద్యం మానదలచినవారికి దానిని ఔషధంగా తలచి ఇవ్వరాదని మా అభిప్రాయం. దాహానికి యవల గంజి, పలుచని మజ్జిగ చాలును. చిరకాలం త్రాగినవారు వైద్యుని పర్యవేక్షణలోనే మానవలెను.