ఏటిగట్టుకి సెలవిస్తే ఆ కౌలు ఎవరి ఖాతాలో పడుద్ది?

అమెరికాలో ఒక పద్ధతి ఉంది తమ్ముళ్లూ, చెల్లెళ్లూ. వాగు పక్కన పొలం ఉన్న రైతు గట్టు వెంట కొంత భూమిని దున్నకుండా వదిలేసి, గడ్డీ చెట్లూ పెంచితే ప్రభుత్వం ఏటా ఎకరానికి ఇంతని అద్దె కడుద్ది. 1985 వ్యవసాయ చట్టంతో మొదలైంది ఇది. ఒప్పందం పదేళ్ల నించి పదిహేనేళ్లు. పొలం రైతుదే, ఎవరికీ రాసివ్వనక్కర్లేదు. మన్ను వాగులోకి కొట్టుకుపోకుండా, యూరియా, పురుగుమందు నీళ్లలో కలవకుండా ఆ పచ్చటి పట్టీ అడ్డం నిలబడుద్ది.

ఇదే మన బుడమేరుకి పెడితే? మంచిదే అంటాన్నేను. 2024 సెప్టెంబర్ మొదట్లో ఏం జరిగిందో మీకు చెప్పాల్సిన పని లేదు. మైలవరం కొండల వైపు నించి వచ్చిన నీళ్లకి మళ్లింపు కాలవ గట్లు మూడు చోట్ల తెగినయ్. సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట రోజుల తరబడి నీళ్లలో ఉన్నయ్. అంత వరదని గడ్డి ఆపుద్దా? ఆపదు. కానీ ఏరు పూడిపోవడాన్ని తగ్గిస్తది. ఇంకో లాభం కూడా ఉంది. పదిహేనేళ్లు ఒప్పందంలో ఉన్న భూమిలో మెరక తోలి ప్లాట్లు వెయ్యడం కుదరదు. బెజవాడ చుట్టుపక్కల ఏటిగట్టుకి అంతకంటే పెద్ద కాపలా ఏముంది?

పోతే నా ప్రశ్నల్లా ఒకటే. ఆ డబ్బు ఎవరికి?

భూమికి సెలవిచ్చినందుకు డబ్బు కట్టడం మనకి కొత్తేం కాదు. నేనుండే భవానీపురం నించి చూస్తే కృష్ణకి ఆవలి గట్టునే జరిగింది. అక్కడ కారణం వేరు, అది ఏరు కోసం కాదు, రాజధాని కోసం. 2015లో 29 గ్రామాల్లో సుమారు 34 వేల ఎకరాలు ల్యాండ్ పూలింగ్‌లోకి పోయినయ్. జరీబు ఎకరానికి ఏడాదికి 50,000, మెట్టకి 30,000, ఏటా పది శాతం పెంపు, పదేళ్ల పాటు. ఆ డబ్బుకి జనం, పేపర్లూ పెట్టిన పేరు ‘కౌలు’. విడ్డూరం చూడండి, దాని పేరు కౌలు, కానీ కౌలు రైతుకి అందులో వాటా లేదు. భూమి లేని కౌలుదారుడు కూలీల వరసలో నిలబడి పింఛన్ తీసుకోవాల్సిందే. ఆ పింఛన్ మొదట్లో కుటుంబానికి నెలకి 2,500 ఉండేది.

లెక్క మీరే వెయ్యండి. పదెకరాల జరీబు ఉన్నాయనకి మొదటి ఏడాది 5 లక్షలు. అదే పొలాల్లో కలుపు తీసి, పూలు కోసి బతికిన ఇంటికి ఏడాదికి 30,000. ఎకరం, రెండెకరాలున్న రైతుని నేను తప్పుపట్టటం లేదు. ఆ కౌలు కూడా టైముకి పడక వాళ్లూ రోడ్డెక్కారు. నేను తప్పుపట్టేది లెక్క కట్టిన పద్ధతిని. భూమిని కొలిచారు, చేతుల్ని కొలవలేదు.

మిగతా పథకాలూ అంతే కదా. పీఎం కిసాన్ 6,000 భూమి పేరున ఉన్న కుటుంబానికే. తెలంగాణలో 2018లో రైతుబంధు పెట్టి, పంటకి ఎకరానికి 4,000 ఇస్తే పట్టాదారుకే ఇచ్చారు. మన దగ్గర 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చారు. కార్డు కావాలంటే యజమాని సంతకం పెట్టాలి, అది చెల్లేది 11 నెలలు. సంతకం పెడితే భూమి పోద్దేమోనని ఆయన భయం. పెట్టకపోతే బ్యాంకు గడప ఎక్కలేనని ఈయన బాధ.

ఇక్కడే అసలు మెలిక. పంట వేస్తే కనీసం ఈ-క్రాప్‌లో సాగు చేసేవాడి పేరు ఎక్కే అవకాశం ఉంది. పంటే వెయ్యని భూమికి సాగుదారుడెవరు? ఏరు పేరు చెప్పి పొలం పడావు పెట్టిన రోజునే కౌలు రైతు కాగితాల్లోంచి మాయమైపోతాడు. పోరాడదామన్నా చేతిలో రుజువుండదు.

బతుకు చూపించకుండా ప్రకృతిని కాపాడతామంటే ఏమైద్దో అదే బుడమేరు వెళ్లి కలిసే కొల్లేరు చెప్పుద్ది. 1999లో ఐదో కాంటూరు దాకా అభయారణ్యం అన్నారు. 2006లో చేపల చెరువుల గట్లు కొట్టేశారు. తర్వాత చెరువులు మళ్లీ లేచినయ్. పేదోడికి వేరే పని దొరకలా, పెద్దోడు ఊరుకోలా.

కాబట్టి ఏటిగట్టు పథకం రావాలి, కానీ నాలుగు షరతుల మీద రావాలి. ఒకటి, ఒప్పందం రాసే ముందే గత మూడేళ్ల ఈ-క్రాప్ చూసి, గ్రామసభలో చదివి, ఆ భూమిని నిజంగా సాగు చేసిందెవరో తేల్చాలి. రెండు, డబ్బు రెండు ఖాతాల్లో పడాలి, యజమానికి కొంత, సాగుదారుడికి కొంత. మూడు, ఆ పట్టీలో కానుగ, ఏరుమద్ది, వెదురు నాటే పని, కాపాడే పని ఉపాధి హామీలో ఆ ఊరి కూలీలకే ఇవ్వాలి. గడ్డి కోసుకునే హక్కు పశువులున్న పేదలకి ఉండాలి. నాలుగు, ముందు ఏరుని కొలవాలి. ఏటి పోరంబోకుని కలుపుకుని కూర్చున్న పెద్దమనిషికి పైసా ఇవ్వకూడదు. అది ఆయన వదిలే భూమి కాదు, తిరిగిచ్చే భూమి.

మీ ఊళ్లోనూ ఒక వాగో, మురుగు కాలవో ఉండే ఉంటది. దాని గట్టున పొలం ఎవరిదో వెబ్‌ల్యాండ్‌లో దొరుకుద్ది. దాన్ని దున్నేదెవరో అందులో దొరకదు. ఆ పేర్లు మీరే రాసి పెట్టండి. రేపు ఏ పథకమొచ్చినా గ్రామసభలో ముందు ఆ లిస్టు బల్ల మీద పెట్టండి, తర్వాతే సంతకాలు.