ఇరుగుపొరుగు: పాటయు మాటయు

వేఱువేఱు కులములవారును, మతములవారును, భాషలవారును కలసియున్న పేటలలో మైత్రి పెంపొందుటకు సభలును సంగీత నాటక ప్రదర్శనములును జరుపవలెనను మాట నేడు పలుచోట్ల వినవచ్చుచున్నది. మంచిమాటయే. కాని ఒక పందిటి క్రింద కూర్చుండి ఒక పాట వినినంతమాత్రమున జనులు ఇరుగుపొరుగువా రగుదురా? మా విజయనగరమునకు ఈ ప్రశ్న క్రొత్తది కాదు. కావున ఈ మాసము దానినే చర్చింప దలచితిమి.

విజయదశమి వెళ్లిన తరువాతి మంగళవారమున పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవము జరుగును. ముందునాటి సోమవారము తొలేళ్లు. 1757 జనవరి మాసమున జరిగిన బొబ్బిలి యుద్ధములో అన్నయగు విజయరామరాజు మరణింపగా, ఆ దుఃఖమున దేహము చాలించిన పైడిమాంబ పెద్దచెఱువున విగ్రహరూపమున వెలసెనని స్థలకథ. పొడవైన చింతమాను చివర ఆసనము కట్టి, దానిపై పూజారి కూర్చుండగా, మూడులాంతర్ల కడనున్న కోవెలనుండి కోటవఱకు మూడు పర్యాయములు త్రిప్పుదురు. ఆ మానుకు ముందు పాలధార, తెల్లయేనుగు, అంజలిరథము, జాలరివల నడచును. చెఱువులోని విగ్రహమును పైకి తెచ్చుటలో జాలరులు తోడ్పడిరనియు, అందులకే వారి వలకు ఊరేగింపున స్థానము లభించెననియు పెద్దలు చెప్పుదురు.

మేము గమనింపుడని కోరునది ఈ వలనే. జాలరులు ఉత్సవమును చూడవచ్చినవారు కారు, చేయవచ్చినవారు. వారి వల లేనిదే ఊరేగింపు పూర్తి కాదు. లక్షలకొలది జనము, ఒడిస్సానుండి కూడ, వచ్చి చూచి పోవుదురు; వారందఱు మన కతిథులు. వల మోయువాడు మాత్రము ఊరివాడు. (ఆనాడు ప్రతి యింటను చుట్టములు నిండియుండుటచే, ఊరి యిల్లాండ్రు వంటయింటినుండి డాబామీదికి పరుగెత్తి మాను కొన మాత్రము చూచి, మరల పొయ్యికడకు వచ్చుటయు మన మెఱిగినదే.) బాబామెట్టయందు ఖాదర్ బాబా దర్గా ఉరుసు జరుగునపుడు హిందూ స్త్రీలును మ్రొక్కులు చెల్లింతురు. ఇట్టి రాకపోకలు మన కలవాటే.

ఇక సంగీతము సంగతి. 1919లో విజయరామ గజపతిరాజుగారు గానపాఠశాల నెలకొల్పి, ఆదిభట్ల నారాయణదాసుగారిని దానికి అధ్యక్షులుగా నియమించిరి. విద్యార్థిగా చేరవచ్చిన ద్వారము వేంకటస్వామినాయుడుగారి వాయులీనము విని దాసుగారు ఆయనను ఆచార్యునిగానే తీసికొనిరి. ఆయన చూచినది కులమును కాదు, కమానును. హరికథలు చెప్పుకొను ఈ దాసుగారే పారసీకము నేర్చి, ఒమర్ ఖయ్యాము రుబాయీలను ఇంగ్లీషు అనువాదముమీద ఆధారపడక మూలమునుండి సంస్కృతమునకును అచ్చతెనుగునకును తెచ్చిరి. అది 1932లో వెలువడెను. పొరుగుమతమువాని కవిత్వమును వాని నోటిమాటలోనే వినవలెనను పట్టుదల ఎంతటిదో చూడుడు.

ఘంటసాల వేంకటేశ్వరరావుగారు ఈ పాఠశాలలో చదువుచు మధుకరము చేసి ఆకలి తీర్చుకొనిన వృత్తాంతము అందఱెఱిగినదే. ఆ జోలెలో అన్నము వేసిన చేతులు ఈ యూరి స్త్రీలవి. ఇది తలచుకొని మేము గర్వింతుము. కాని వెంటనే వేఱొక సంశయమును కలుగును. జోలె పట్టివచ్చిన బాలుడు మహమ్మదీయుడో, అస్పృశ్యులని దూరముంచబడిన కులమువాడో అయియున్నచో ఆ తలుపులు తెఱచుకొనియుండెడివా? పాఠశాల యందఱికిని తెఱచినను, వాకిలి తెఱచుట వేఱుపని. అది మనచేతిలోనిది.

పొరుగువానిని వాకిటిలోనికి రానిచ్చుట ఎట్టిదో పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైన గిడుగు రామమూర్తి పంతులుగారు చూపిరి. కొండలలోని సవరల భాష నేర్వవలెనని వారిని ఇంటనే యుంచుకొని మాటాడించిరి. వారికొఱకు బడులు పెట్టించిరి. ఆయన కూర్చిన సవర వ్యాకరణము 1931లోను, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లోను అచ్చయ్యెను. నిఘంటువును పండితులు పొగడుదురు. మేము మాత్రము ఆ యింటి విస్తళ్లను గూర్చి యోచింతుము. బడిపంతులు జీతముతో సంసార మెట్లు నడచునో మాకు తెలియును. వచ్చిన సవరలకు అన్నము వడ్డించినవా రెవరు? ఆ కాలమున అగ్రహారము మాటలు పడినవా రెవరు? ఆ యిల్లాలి పాలు నిఘంటువులో ఒక పుటకైన తక్కువ కాదని మా తలంపు.

ఇప్పుడు మా పేట విషయము చెప్పుదుము. ఏడాదినుండి శనివారపు సాయంకాలములందు కొందఱు స్త్రీలము మా యరుగుమీద చేరుచున్నాము. ఇచ్ఛాపురము ప్రక్కనుండి వచ్చిన ఒడియా గృహిణి, మిషను కుట్టు మహమ్మదీయ సోదరి, వీథి యూడ్చునామె, ఒక పింఛనుదారుని భార్య, ఇట్లు ఎనమండ్రుగురము. ఉపన్యాసములు నిషేధము. ఒకరు తమ యింటి భాషలో ఒక పాట పాడి అర్థము చెప్పవలెను. తక్కినవారు తమకు తోచినది అడుగవలెను. వీథి యూడ్చునామె మెట్టుమీదినుండి చాపమీదికి వచ్చుటకు మూడు మాసములు పట్టినది. పిలువకపోలేదు, పిలిచిన గొంతును ఆమె నమ్మవలెను గదా!

గడచిన సంక్రాంతికి మా పేటలో వినోద కార్యక్రమము జరిగినది. సీతంపేట కొండలనుండి వచ్చి ఇచ్చట నర్సుపని చేయుచున్న ఒక సవర యువతి తన తోడివారితో ఆడి పాడినది. చప్పట్లు మిన్నుముట్టినవి. ఆమెతో ఫొటోలు దిగనివారు లేరు. రెండు వారములు గడచినవో లేదో, ఆమె అదే వీథిలో అద్దెయిల్లు వెదకుచు వచ్చెను. మూడిండ్లలో లేదనిరి. ఒక యింటి గుమ్మమున ‘టులెట్’ పలక వ్రేలాడుచునే యున్నది. మగవారి నడుగగా, “మాకేమీ అభ్యంతరము లేదు, ఆడవారి నడుగుడు” అనిరి. ఆడవారమనగా మనమే!

ఆ శనివారము మేము పాట మాని ఈ మాటే యెత్తితిమి. పింఛనుదారుని భార్య దాపఱికము లేక చెప్పెను: నీచు వండుదురు, చుట్టములు పదేసిమంది దిగుదురు, అద్దె సరిగా ఈయరు అని. మహమ్మదీయ సోదరి తల వంచుకొని కుట్టుచునే, “మేమొచ్చినప్పుడూ ఇదే మాటన్నారు, ఇరవయ్యేళ్లయింది” అనెను. ఎవ్వరును కొంతసేపు మాటాడలేదు. ఆ నిశ్శబ్దము సంక్రాంతి చప్పట్లకంటె మేలు చేసినదని మాకు తోచుచున్నది.

మఱుసటి వారము ఆ యువతినే పిలిచి, భయములన్నియు ఆమె యెదుటనే చెప్పితిమి. ఆమె నొచ్చుకొనలేదు. ఆదివారము చేపలు వండుకొందుననియు, ఒకటవ తేదీకి అద్దె యిత్తుననియు, కోతలయిన పిమ్మట తల్లి వచ్చి పది దినము లుండుననియు చెప్పెను. తరువాత పెద్దామెవైపు తిరిగి, “సిరిమానుకి మీ ఇంటికెంతమంది చుట్టాలొస్తారమ్మా?” అని అడిగెను. ఆమెకు నవ్వాగలేదు. గత యేడు ముప్పదిద్దఱు వచ్చిరట!

ఆ యువతి యిప్పుడు పింఛనుదారుని యింటి వెనుకభాగమున కాపురమున్నది. పలక కట్టిన యింటివారు మాత్రము పలక తీయలేదు, అరుగునకును రాలేదు. వారిని విడువ దలచలేదు. ఒడియా సోదరి వారింటికి పేరంటమునకు పోవుచుండును గనుక ఆ పని ఆమెకు అప్పగించితిమి.

రాబోవు వినాయకచవితి పందిరి మసీదునకు పోవు సందు మొగనే వేయుదురు. నమాజు వేళ మైకు నాపు సంగతి కుఱ్ఱవాండ్రు తగవులాడుకొనకముందే వారి తల్లులు కూర్చుండి తేల్చుకొనవలెనని ఈ శనివారమునకు నిశ్చయించితిమి. ఆనాడు కాఫీ పెట్టువంతు సవర యువతిది. పెద్దామె వత్తుననినది. ఇంతవఱకు పరుల చేతి కాఫీ త్రాగి యెఱుగదు. ఆనాడేమి చేయునో చూడవలెను.