వలలు బాగుచేసుకుందాం

వైనతేయ గోదావరి సముద్రంలో కలిసే చోట ఉన్న ఓడలరేవులో వేటకు వెళ్లని రోజైనా పని ఆగదు. ఒడ్డున కూర్చుని వల బాగుచేసుకోవడం కూడా వేటలో భాగమే. ఒక్క కన్ను తెగిందని అలాగే వదిలేస్తే మర్నాటికి అది పెద్ద చిరుగవుతుంది. పడిన చేప కూడా దక్కదు.

జెబెదయి కుమారులైన యాకోబు, యోహాను ఇదే పనిలో ఉండగా ప్రభువు వారిని పిలిచాడు. ఆ సంగతి చెబుతూ మత్తయి 'బాగుచేయడం' అనడానికి వాడిన గ్రీకు మాట 'కటార్టిజో'. కొరింథు సంఘం పౌలు పక్షమని, అపొల్లో పక్షమని చీలిపోయినప్పుడు ఏకమనస్సుతో ఉండమని పౌలు హెచ్చరించింది ఆ మాటతోనే. తప్పిదంలో చిక్కుకున్నవాణ్ణి సాత్వికంగా దారికి తెమ్మని గలతీయులకు రాసినప్పుడూ అదే మాట. చీలిన సంఘాన్ని కలపడం చినిగిన వలను కుట్టడం లాంటిదే.

నేడు మనందరి చేతిలో మరో వల ఉంది. అంతర్జాలంలో 'జాలం' అంటే వలే కదా! దానితో మనం ఏం చేస్తున్నాం? కేథలిక్ సహోదరులను ఎగతాళి చేసే వీడియో రాగానే నిజమో కాదో చూడకుండా పదిమందికి పంపేవారు మనలో లేరా? వాళ్ల యువకులు ఫోన్లలో వాక్యం, ప్రార్థన మనవులు పంచుకుంటుంటే అక్కడికే వెళ్లి వాదానికి దిగేవారు లేరా? వాళ్లలోనూ కొందరు మనల్ని అలాగే అంటున్నారని మన జవాబు. ఒకరు వల చించారని రెండోవారూ చించితే నష్టం ఎవరికి?

2019లో ప్రపంచ సమాచార సాధనాల దినోత్సవానికి పోప్ ఫ్రాన్సిస్ ఇచ్చిన సందేశానికి ఎఫెసీ పత్రిక 4వ అధ్యాయం 25వ వచనమే ఆధారం. మనం ఒకరికొకరం అవయవాలం గనుక అబద్ధం మానాలన్నది దాని సారం. మనల్ని కలిపేదాన్ని వదిలి, అవతలివాణ్ణి వ్యతిరేకించడం ద్వారానే మన గుర్తింపును వెతుక్కుంటున్నామని ఆయన అందులో హెచ్చరించారు. అది కేథలిక్కుల నాయకుని మాటే అయినా, అద్దంలో కనిపించేది మన ముఖం కూడా.

సిద్ధాంత భేదాలను దాచిపెట్టమని కాదు. పరిశుద్ధుల మధ్యవర్తిత్వం, పోపు అధికారం వంటి విషయాల్లో మన నమ్మకం వేరు, వారి నమ్మకం వేరు. అది స్పష్టంగా చెప్పవచ్చు, చెప్పాలి కూడా. కాని చెప్పే తీరు ఒకటుంటుంది. 1999 అక్టోబరు 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్ ప్రపంచ సమాఖ్య, కేథలిక్ సంఘం నీతిమంతులుగా తీర్చబడటాన్ని గూర్చిన ఉమ్మడి ప్రకటనపై సంతకాలు చేశాయి. రక్షణ కృపవల్లనే అని కలిసి ఒప్పుకున్నాయి. శతాబ్దాల దూషణ సాధించలేనిది ఎదురెదురుగా కూర్చుని ఓపికగా మాట్లాడుకోవడం సాధించింది.

1996 నవంబరు 6 రాత్రి కోనసీమను ముంచిన తుపాను ఎవరిది ఏ సంఘమని అడగలేదు. మన కుటుంబాలను తాకే మరణమూ అడగదు. కష్టంలో ఒకరి గుమ్మం ఒకరు తొక్కవలసిన మనం ఫోనులో మాత్రం శత్రువులమా?

అందుకే మూడు సంగతులు ఆచరిద్దాం. మొదటిది, నిజమని తేలనిదాన్ని ముందుకు పంపవద్దు. రెండవది, కేథలిక్కులు ఏం నమ్ముతారో వారినే మర్యాదగా అడుగుదాం. మూడవది, పక్కింటి కేథలిక్ అక్క ఎదురుగా కూర్చుంటే అనలేని మాటను తెర చాటునుండి కూడా అనవద్దు. వారి బిడ్డలు మంచి మాటలు పంచుకుంటుంటే సంతోషిద్దాం. తమను వెంబడించని ఒకడు ప్రభువు నామమున దయ్యాలు వెళ్లగొడుతుంటే యోహాను ఆటంకపరచాడు, ప్రభువు మాత్రం వద్దన్నాడు.

మన మాటలను మన పిల్లలు చూస్తున్నారు, క్రీస్తును ఇంకా ఎరుగని పొరుగువారూ చూస్తున్నారు. మన కలహం చూసి వారు వెనుదిరిగితే, చిరుగులోంచి జారిపోయిన చేప అదే. వేటకు పిలిచిన ప్రభువు మన వల సంగతి అడగక మానడు.